మనోలో మార్కెజ్ మూడు సీజన్లు: కప్పు గెలిచిన ఏడాది కాదు, ఐదో స్థానంలో ఆగిన ఏడాదే గొప్పదని నా వాదన

తూర్పు గ్యాలరీ

హైదరాబాద్ ఎఫ్‌సీ అన్న పేరు ఇప్పుడు ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్) పట్టికలో లేదు. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకున్న తరువాత మన దగ్గర మిగిలినవి ఉతికి ఉతికి వెలిసిపోయిన పసుపు జెర్సీలు, 2022 మార్చి నాటి కప్పు జ్ఞాపకం మాత్రమే. ఆ జ్ఞాపకం కదిలినప్పుడల్లా మాట అప్పటి కోచ్ మనోలో మార్కెజ్ దగ్గరికి వెళ్ళి ఆగుతుంది కాబట్టి, ఆయన ఇక్కడ గడిపిన మూడు సీజన్ల గురించి ఆవేశం లేకుండా ఒకసారి మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. "ఇక్కడ గడిపిన" అన్నాను గానీ ఆ మాట కూడా పూర్తిగా నిజం కాదు, ఎందుకంటే కోవిడ్ వల్ల మూడింటిలో రెండు సీజన్లు ఆయన గోవాలోనే ఉన్నారు.

ముందుగా ఆయన వచ్చేనాటి పరిస్థితిని గుర్తు చేసుకోవాలి. 2019–20లో, అంటే మన తొలి సీజన్‌లో, 18 మ్యాచ్‌లు ఆడి రెండే గెలిచి, 10 పాయింట్లతో అట్టడుగున నిలిచాము. కోచ్ ఫిల్ బ్రౌన్ సీజన్ మధ్యలోనే వెళ్ళిపోయారు. తరువాతి ఏడాదికి ఆల్బర్ట్ రోకా వస్తున్నారని సంబరపడుతుండగా, 2020 ఆగస్టులో రొనాల్డ్ కూమన్ బృందంలో చేరమని బార్సిలోనా నుంచి పిలుపు రావడంతో ఆయన అటు వెళ్ళారు. సీజన్‌కు మూడు నెలలైనా లేని సమయంలో, ఆగస్టు చివర, మార్కెజ్ పేరు ప్రకటించారు. స్పెయిన్ కింది స్థాయి జట్లతో ఎన్నో ఏళ్ళు గడిపి, 2017లో లాస్ పాల్మాస్ పగ్గాలు పట్టి కొన్ని వారాలకే వదిలేసి, ఆ తరువాత క్రొయేషియాలో ఇస్త్రాకు పనిచేసిన మనిషి. నిజం చెప్పాలంటే ఆ రోజు నేను ఆయన పేరు వెతికి చూసి, ల్యాప్‌టాప్ మూసేశాను.

ఆయన మొదటి సీజన్‌లో చేసింది ఒక్కటే. మన కుర్రాళ్ళను ఆడించారు, ఓడినా ఆడించారు. పంతొమ్మిదేళ్ళు నిండీ నిండని ఆకాశ్ మిశ్రా ఎడమవైపు, ఆశిష్ రాయ్ కుడివైపు, ముందు లిస్టన్ కొలాసో, మధ్యలో హితేశ్ శర్మ, మొహమ్మద్ యాసిర్, అవసరమైనప్పుడు పద్దెనిమిదేళ్ళ రోహిత్ దాను. మొదటి ఐదు మ్యాచ్‌లలో ఓటమి లేదు. ఆ తరువాత డిసెంబరులో ముంబై సిటీ, కేరళ బ్లాస్టర్స్, ఎఫ్‌సీ గోవా చేతుల్లో వరుసగా మూడు ఓడిపోయాము. ఐఎస్‌ఎల్‌లో ఇలాంటి చోట ఏ కోచ్ అయినా కుర్రాళ్ళను బెంచీకి పంపి, అనుభవం ఉన్నవాళ్ళను దింపి, ఊపిరి పీల్చుకుంటాడు. ఈయన ఆ పని చేయలేదు. జనవరి 4న చెన్నైయిన్‌పై 4–1తో గెలిచిన మ్యాచ్ నుంచి లీగ్ చివరి రోజు దాకా, అంటే వరుసగా 12 మ్యాచ్‌లలో, మన జట్టు ఓడలేదు. 20 మ్యాచ్‌లలో మొత్తం ఓటములు ఆ డిసెంబరు మూడే.

అయినా ఐదో స్థానమే. ఫిబ్రవరి 28న గోవాపై గెలిచి తీరవలసిన మ్యాచ్ 0–0గా ముగిసి, 29 పాయింట్లతో, మొదటి నాలుగు జట్లకే చోటున్న ప్లేఆఫ్ గడప దగ్గర ఆగిపోయాము. మరుసటి ఏడాది వచ్చిన కప్పుకు పునాది అక్కడే పడిందని, కోచ్‌గా ఆయన పనితనం ఎక్కువగా కనిపించింది ఆ సీజన్‌లోనేనని నా వాదన. కాదనేవారు ఉంటారు, రండి.

పసుపు చొక్కా

తూర్పు గ్యాలరీ గారూ, కాదనేవారిలో మొదటివాణ్ణి నేనే. పునాది ఎంత గట్టిదైనా గృహప్రవేశానికే కదా చుట్టాలను పిలుస్తాము. ఆ సీజన్‌లో 20 మ్యాచ్‌లకు 11 డ్రాలు అయ్యాయని మీరు రాయలేదు. గెలవవలసిన చోట గెలవలేని జట్టును ఎంత ముచ్చటగా ఆడినా గొప్పదనడం నాకు కష్టం. అదే ఆకాశ్, అదే ఆశిష్, అదే యాసిర్ 2021–22లో కప్పు ఎత్తారు. నా దృష్టిలో కోచ్ చదువు చెప్పింది మొదటి ఏడాది కావచ్చు గానీ, పరీక్ష నెగ్గింది రెండో ఏడాదే.

మడ్గావ్ తెలుగువాడు

ఉద్యోగరీత్యా పదేళ్ళుగా గోవాలో ఉంటున్నాను. కోవిడ్ కారణంగా రెండు సీజన్లూ ఇక్కడే జరిగినప్పుడు మన జట్టు నా ఇంటికి కొన్ని కిలోమీటర్ల దూరంలో ఆడుతుంటే, గేట్లు మూసి ఉండడం వల్ల, నేనూ మీలాగే టీవీలో చూశాను. అందుకే 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్‌కు ఇక్కడి ఫతోర్డా స్టేడియం తలుపులు పూర్తిగా తెరిచినప్పుడు వెళ్ళకుండా ఉండలేకపోయాను.

లోపలికి అడుగుపెట్టగానే గ్యాలరీలన్నీ పసుపుమయం. ఒక్క క్షణం గుండె ఉప్పొంగింది. తరువాత చూస్తే అందరూ కేరళవాళ్ళే. రెండు క్లబ్బుల రంగూ పసుపే కావడం, లీగ్ పట్టికలో మనం పైన ఉన్నందువల్ల మైదానంలో పసుపు మనకు దక్కి వాళ్ళు నల్ల జెర్సీల్లో దిగడం చూస్తే, ఆ రోజు గ్యాలరీ మొత్తం మనకోసమే వచ్చినట్టు కెమెరాకు కనిపించి ఉంటుంది. చెవులకు మాత్రం ఆ భ్రమ కలగలేదు. 68వ నిమిషంలో కె.పి. రాహుల్ గోలు కొట్టినప్పుడు నా పక్కన కూర్చున్న పెద్దాయన నా భుజం పట్టుకుని ఊపేశాడు. నేను ఏ జట్టు మనిషినో ఆయనకు తెలియదు, చెప్పే ధైర్యం నాకూ లేదు.

88వ నిమిషంలో బంతి బాక్సు బయట సాహిల్ తవోరా దగ్గరికి వచ్చింది. ప్రత్యామ్నాయంగా దిగిన ఆ గోవా కుర్రాడు గాల్లో ఉన్న బంతిని అలాగే కొట్టేశాడు. అది వలలో పడిన తరువాత స్టేడియం నిశ్శబ్దమైందని రాస్తే అతిశయోక్తి అవుతుంది, డప్పులు మోగుతూనే ఉన్నాయి, కానీ వాటి దరువు మారింది. షూటౌట్‌లో మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి లెస్కోవిచ్, నిషు కుమార్, జీక్సన్ సింగ్ కొట్టిన మూడింటినీ ఆపాడు. నిషు కుమార్ షాట్ ఆపినప్పుడు గీత దాటి ముందుకు వచ్చాడని రెఫరీ మళ్ళీ కొట్టమంటే, రెండోసారి కూడా ఆపాడు. మనవాళ్ళలో సివెరియో తప్పినా, జావో విక్టర్, ఖాసా కామరా కొట్టారు, చివరిది హలిచరణ్ నర్జరీ కొట్టాడు. 3–1. కట్టిమణి కూడా గోవావాడే. హైదరాబాద్ కప్పును గోవాలో గోవావాళ్ళు గెలిపించారని ఇక్కడి మిత్రులు ఇప్పటికీ నన్ను ఆటపట్టిస్తుంటారు.

తూర్పు గ్యాలరీ గారి వాదనకు దీనితో ఒక చిన్న సంబంధం ఉంది. ఫైనల్లో ఓడిపోతున్న జట్టులోకి 70 నిమిషాల తరువాత ఇద్దరు ముగ్గురు భారత ఆటగాళ్ళను పంపి "మీరే చూసుకోండి" అనగల కోచ్, ఆ నమ్మకాన్ని ఆ రాత్రే కొత్తగా తెచ్చుకోలేదు.

కాజీపేట లోకల్

ఇంత మంది ఇంత తీయగా మాట్లాడుతుంటే ఎవరో ఒకరు ఉప్పు వేయాలి, ఆ పని నేను తీసుకుంటాను.

2021–22లో హైదరాబాద్ లీగ్ దశలో 43 గోల్స్ చేసింది. వాటిలో 18 ఒక్క బార్తొలొమ్యూ ఒగ్బెచేవి. అప్పటికే ఐఎస్‌ఎల్‌లో మూడు క్లబ్బులకు గోల్స్ వర్షం కురిపించిన నైజీరియన్ ఆయన. మన జెర్సీలోనే ఆ సీజన్ మధ్యలో లీగ్ చరిత్రలో అందరికన్నా ఎక్కువ గోల్స్ చేసినవాడయ్యాడు. ఆ స్ట్రైకర్‌ను ఏ కోచ్ చేతిలో పెట్టినా పట్టికలో పైకి వస్తాడు. మొదటి సీజన్‌లో అన్ని డ్రాలు ఎందుకు అయ్యాయి? వచ్చిన అవకాశాన్ని గోలుగా మార్చే మనిషి అరిడానె సంటానా తప్ప వేరే లేడు. రెండో సీజన్‌లో ఎందుకు గెలిచారు? ఆ మనిషి దొరికాడు. ఇందులో కుర్రాళ్ళ పాత్ర ఎంత, కోచ్ తత్వం ఎంత, క్లబ్బు ఖర్చు ఎంత అన్నది విడదీయకుండా "పునాది" అంటే నేను ఒప్పుకోను.

లెక్కల మాస్టారు

కాజీపేట గారి ప్రశ్న సరైనదే. సమాధానంలో సగం ఆయన వైపు, సగం తూర్పు గ్యాలరీ గారి వైపు ఉంది.

మొదట మొత్తం లెక్క చూద్దాము. మూడు సీజన్లలో మార్కెజ్ లీగ్ మ్యాచ్‌లు 60. గెలుపులు సరిగ్గా సగం, 30. డ్రాలు 19, ఓటములు 11. పాయింట్లు మొదటి ఏడాది 29, తరువాత 38, ఆ తరువాత 42, కలిపి 109. ఓటముల వరుస 3, 4, 4. అంటే ఓడకుండా ఉండడం ఆయన వచ్చిన రోజు నుంచే ఉంది, ఏటేటా మారింది డ్రాలు గెలుపులుగా మారడమే. 11 డ్రాలు తరువాతి ఏడాది 5, ఆ పై ఏడాది 3 అయ్యాయి. ఆ మార్పులో ఒగ్బెచే వాటా పెద్దది, అందులో వాదన లేదు.

కానీ ఒక విషయం ఇక్కడ ఎవరూ ప్రస్తావించలేదు. 2021–22 నుంచి ఐఎస్‌ఎల్ నిబంధన మారింది. అంతకుముందు మైదానంలో ఒకేసారి ఐదుగురు విదేశీ ఆటగాళ్ళు ఉండవచ్చు, ఆ ఏడాది నుంచి నలుగురే. అంటే ప్రతి జట్టూ ఏడుగురు భారతీయులతో ఆడక తప్పదు. మిగతా క్లబ్బులు ఆ ఏడో భారతీయుడు ఎవరా అని వెతుక్కుంటున్న సమయానికి, మన జట్టులోని కుర్రాళ్ళు అప్పటికే ఒక పూర్తి సీజన్ కలిసి ఆడి, ఓటములు చూసి, 12 మ్యాచ్‌లు ఓడకుండా నిలిచి, 2021 మార్చిలో భారత జట్టు పిలుపు కూడా అందుకుని ఉన్నారు. దుబాయ్‌లో ఒమన్‌తో జరిగిన మ్యాచ్‌లో ఆకాశ్ మిశ్రా, చింగ్లెన్‌సనా సింగ్ తొలిసారి దేశానికి ఆడారు. ఒగ్బెచేని డబ్బు పెట్టి తెచ్చుకోవచ్చు గానీ, అతని వెనుక సిద్ధంగా ఉన్న ఆ ఏడుగురిని ఆ వేసవిలో ఏ క్లబ్బూ ఎక్కడా కొనలేదు. ఇంకా చెప్పాలంటే, వాళ్ళలో అందరికన్నా మెరిసిన కొలాసోను అదే వేసవిలో మోహన్ బగాన్ తీసుకుపోయింది. అయినా కప్పు మనకే వచ్చింది.

కాజీపేట లోకల్

నిబంధన సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. అయితే అది అదృష్టమా, ముందుచూపా? నిబంధన మారబోతోందని తెలిసి కుర్రాళ్ళను పెంచాడా, లేక జట్టులో వాళ్ళు తప్ప వేరే దిక్కు లేక ఆడించాడా?

తూర్పు గ్యాలరీ

దిక్కులేకే అనుకుందాము. దిక్కులేని స్థితిలో చాలామంది కోచ్‌లు చేసే పని ఆయన రాకముందు, 2019–20లో మనం చూశాము కదా. చేతిలో ఉన్నవాళ్ళతో ఎలా ఆడాలో తెలిసి ఉండడమే కోచ్ పని అని నా అభిప్రాయం.

బొల్లారం బ్యాక్

నేను చాలాకాలం సికింద్రాబాద్ లీగ్‌లో రైట్ బ్యాక్‌గా ఆడాను, కాబట్టి నా కళ్ళు ఎప్పుడూ ఫుల్‌బ్యాక్‌ల (రక్షణ వరుసలో రెండు అంచుల్లో ఆడేవాళ్ళ) మీదనే ఉంటాయి. మార్కెజ్ జట్టు గురించి మాట్లాడుతూ ఫుల్‌బ్యాక్‌ల ఊసెత్తకపోతే, బిర్యానీ గురించి మాట్లాడుతూ బియ్యం ఊసెత్తనట్టే.

ఆయన ఎక్కువగా 4-2-3-1లో ఆడించారు. కాగితం మీద అది మామూలు ఏర్పాటే. మైదానంలో మాత్రం ఆశిష్, ఆకాశ్ ఇద్దరూ బంతి మన దగ్గర ఉన్నంతసేపూ వింగర్లతో సమానంగా పైకి వెళ్ళేవారు. వింగర్ లోపలికి దూరితే ఫుల్‌బ్యాక్ బయట నుంచి, ఫుల్‌బ్యాక్ లోపలికి వస్తే వింగర్ బయట. ఇద్దరూ ఒకేసారి పైకి వెళ్ళినప్పుడు వెనుక ఏర్పడే ఖాళీని జావో విక్టర్ కాపాడేవాడు. ఆయన ఆట టీవీలో పెద్దగా కనిపించదు. బంతి ఎక్కడ పోతుందో రెండు క్షణాల ముందే అక్కడ నిలబడి ఉంటాడు కాబట్టి పరుగెత్తవలసిన అవసరం పడదు, పరుగెత్తనివాడిని కెమెరా పట్టించుకోదు. బంతి పోగానే ముందున్న నలుగురూ అక్కడికక్కడే ప్రెస్ చేసేవారు, అంటే బంతి ఉన్నవాడి మీదికి దూకేవారు. 2021 డిసెంబరులో ఒడిశాపై 6–1 గెలిచిన మ్యాచ్ ఎవరి దగ్గరైనా ఉంటే గోల్స్ వదిలేసి, బంతి పోయిన తరువాతి ఐదు సెకన్లు మాత్రమే చూడండి.

నా ఓటు మాత్రం మొదటి సీజన్‌కూ కాదు, రెండోదానికీ కాదు, మూడోదానికి. 2022–23లో ఆశిష్ మోహన్ బగాన్‌కు వెళ్ళిపోయాడు, అయినా 42 పాయింట్లు వచ్చాయి. ముంబై సిటీ 46తో, లీగ్ పట్టికలో మొదటి స్థానానికి ఇచ్చే షీల్డ్ తీసుకోకపోయి ఉంటే ఆ ఏడాది మనదే. సెమీఫైనల్లో మళ్ళీ మోహన్ బగాన్. గచ్చిబౌలిలో 0–0, కోల్‌కతాలో 0–0, షూటౌట్‌లో సివెరియో కొట్టినది విశాల్ కైత్ ఆపాడు, ఒగ్బెచేది గోల్‌పోస్టుకు తగిలింది. 3–4. రెండు మ్యాచ్‌లలో, అదనపు సమయంతో కలిపి 210 నిమిషాలలో, ఒక్క గోలూ ఇవ్వని జట్టు ఇంటికి వచ్చేసింది. ఏడాది క్రితం పెనాల్టీలు ఇచ్చిన దాన్ని పెనాల్టీలే తీసుకుపోయాయి.

ఫతే మైదాన్

నాకు డెబ్బై దాటాయి. మీ చర్చ అంతా చదివాను, బాగుంది. ఇద్దరు కుర్రాళ్ళు పెద్దవాళ్ళను మించి రాస్తున్నారు.

ఈ నగరంలో ఫుట్‌బాల్ కోచ్ గురించి ఎవరు మాట్లాడినా నాకు మా నాన్నగారు చెప్పిన రహీం సాబ్ గుర్తుకు వస్తారు. బడిపంతులుగా మొదలైన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది, 1950లో డ్యూరాండ్ కప్పు కూడా తెచ్చింది. ఆయనే భారత జట్టుకు 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు సాధించిపెట్టారు, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా తీసుకువెళ్ళారు. ఎడమకాలు బలహీనంగా ఉన్నవాళ్ళ కోసం బలహీనమైన కాలితో మాత్రమే ఆడే పోటీలు పెట్టేవారట. మైదానాల పక్కన పెరిగి, పోలీసు ఉద్యోగంలో చేరి, అక్కడి నుంచి దేశానికి ఆడిన పిల్లలు ఆయన వాళ్ళు. వాళ్ళు ఆడుతుంటే వాళ్ళ వీధి మొత్తం కట్టమీద కూర్చుని చూసేది.

మార్కెజ్ గారిని తక్కువ చేయడానికి ఇది రాయడం లేదు. పోలిక పెడితే ఒక తేడా కనిపిస్తుంది. ఆయన పెంచిన కుర్రాళ్ళు మిజోరాం నుంచి, మణిపూర్ నుంచి, సిక్కిం నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, గోవా నుంచి వచ్చినవాళ్ళు. బర్కస్ నుంచి, మల్లేపల్లి నుంచి, బొల్లారం నుంచి ఒక్క కుర్రాడైనా ఆ మొదటి పదకొండుమందిలో నిలదొక్కుకున్నాడా? అది కోచ్ తప్పు కాదు. మూడు నెలల ముందు వచ్చి గోవాలో హోటల్లో బంధింపబడిన మనిషి బర్కస్ ఎప్పుడు వస్తాడు? కానీ క్లబ్బు మూటముల్లె సర్దుకుని ఢిల్లీకి వెళ్ళిపోయిన రోజు నగరం పెద్దగా కదలకపోవడానికి కారణం కూడా ఇదేనని నాకు అనిపిస్తుంది.

పసుపు చొక్కా

పెద్దాయన మాట గుచ్చుకుంది గానీ నిజం. 2020–21, 2021–22 రెండు సీజన్లలో హైదరాబాద్ ఎఫ్‌సీ హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఛాంపియన్ జట్టును నగరం కళ్ళారా చూసింది 2022 అక్టోబరు 22న, బెంగళూరుతో. ఒగ్బెచే ఒక్క గోలుతో గెలిపించాడు. నేను ఆ రోజు లింగంపల్లి నుంచి బస్సులో వెళ్ళాను, పక్క సీటతను క్రికెట్ మ్యాచ్ ఉందా అని అడిగాడు. గచ్చిబౌలిలో మైదానానికీ గ్యాలరీకీ మధ్య పరుగుపందెం ట్రాక్ ఉండడం వల్ల ఆటగాళ్ళ ముఖాలు కనిపించవు. మన అభిమాన బృందం డెక్కన్ లీజియన్ మిత్రులు డప్పులతో ఎంత ఊపినా ఆ దూరం దాటి శబ్దం వెళ్ళేది కాదు. మార్కెజ్ జట్టును మనం మన ఊళ్ళో చూసిన మ్యాచ్‌లను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

కాజీపేట లోకల్

ఇప్పుడు అసలు ఉప్పు. 2023 వేసవిలో ఆయన గోవాకు వెళ్ళిపోయారు. ఇంట్లో పొగ కనిపిస్తున్నప్పుడు మొదట బయటికి వచ్చినవాడిని తప్పుపట్టలేము, కానీ ఆ ఇంటికి ఆయనే ఇటుక పేర్చాడని పొగడుతున్నప్పుడు ఈ సంగతి కూడా చెప్పాలి కదా. గోవాలో రెండు సీజన్లూ సెమీఫైనల్లోనే ఆగారు. 2024లో ముంబైపై 90వ నిమిషం దాకా 2–0తో ముందుండి, చివరికి 2–3తో ఓడిన మ్యాచ్ మీకు గుర్తుండే ఉంటుంది. తరువాత గోవాతోపాటు భారత జట్టునూ చేపట్టి, ఎనిమిది మ్యాచ్‌లలో ఒక్కటి, అదీ మాల్దీవులపై, గెలిచి 2025లో తప్పుకున్నారు. కుర్రాళ్ళను నమ్మే కోచ్ అని ఇంతసేపూ అందరూ రాశారు. అదే మనిషి భారత జట్టుకు గోల్స్ చేసేవాళ్ళు లేరని, రిటైరైన నలభై ఏళ్ళ సునీల్ ఛెత్రీని వెనక్కి పిలిపించుకున్నారు. మరి ఆ నమ్మకం ఎక్కడికి పోయింది?

లెక్కల మాస్టారు

జాతీయ జట్టు కోచ్‌కు ఏడాదిలో కొన్ని వారాలే ఆటగాళ్ళు దొరుకుతారు. మార్కెజ్ బలం రోజూ ఒకే కుర్రాడిని మైదానంలో సరిదిద్దడంలో ఉంది గనుక, ఆ పని జాతీయ శిబిరంలో సాగదు. రెండు ఉద్యోగాలు ఒకేసారి పెట్టుకోవడం ఆయన పొరపాటని నేనూ అంటాను. ఛెత్రీ విషయంలో నా దగ్గర సమర్థన లేదు.

క్లబ్బు కోచ్‌గా మాత్రం ఆయన వెళ్ళిన తరువాతి సంవత్సరమే సాక్ష్యం. ఆయన రాకముందు సీజన్‌లో 10 పాయింట్లు. ఆయన వెళ్ళిన మరుసటి సీజన్‌లో, 22 మ్యాచ్‌లకు ఒకే గెలుపుతో, 8 పాయింట్లు, 12 జట్లలో 12వ స్థానం. జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్ళను తీసుకోకుండా నిషేధం, మధ్యలోనే వెళ్ళిపోయిన విదేశీయులు, ఇవన్నీ ఆ పతనంలో ఉన్నాయి కాబట్టి ఆ తేడా మొత్తాన్ని కోచ్ ఖాతాలో వేయడం అన్యాయం. అయితే రెండు అట్టడుగు స్థానాల మధ్య ఇరుక్కున్న ఆ మూడేళ్ళను ఒగ్బెచే ఒక్కడితో వివరించడం కూడా అంతే అన్యాయం. మొదటి ఏడాది ఒగ్బెచే మనతో లేడు. అన్నట్టు, 2025 మేలో గోవాకు సూపర్ కప్పు గెలిచి ఇచ్చారు కదా, సెమీఫైనళ్ళతో పాటు అది కూడా రాయాలి.

కాజీపేట లోకల్

రాశాననుకోండి. మొదటి ఏడాది ఒగ్బెచే లేడన్నది నా వాదనకు తగిలిన దెబ్బే. అప్పటి ఓటములు మూడేనన్న లెక్కను నేను ఇంతవరకూ ఇలా చూడలేదు.

బొల్లారం బ్యాక్

ఆకాశ్ మిశ్రా కూడా ఆయన వెళ్ళిన వేసవిలోనే ముంబైకి వెళ్ళాడు. ఇంటికి ఇటుక పేర్చినవాడు వెళ్ళిపోయాడని అనుకున్నాము గానీ, ఇటుకలు కూడా ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. కొలాసో, ఆశిష్, ఆకాశ్. ముగ్గురూ పెద్ద క్లబ్బులకే. వాళ్ళను చూసినప్పుడు ఇప్పటికీ పాస్ ఇచ్చిన వెంటనే ముందుకు కదిలే అలవాటు కనిపిస్తుంది. అది మన దగ్గర నేర్చుకున్నదే అని నాకు నేను చెప్పుకుంటుంటాను.

తూర్పు గ్యాలరీ

అందరికీ కృతజ్ఞతలు. నా వాదనలో ఒక సవరణ చేసుకుంటున్నాను. ఆ 12 మ్యాచ్‌ల పరంపరను నేను గెలుపుల పరంపరలా రాశాను, నిజానికి అందులో డ్రాలే ఎక్కువ బరువు తూగాయి. పసుపు చొక్కా గారు మొదట్లోనే పట్టుకున్నారు. అయినా ఆ సీజన్ మీద నా ఇష్టం తగ్గలేదు.

ఒక సంగతి రాయాలా వద్దా అని ఇంతసేపూ ఆలోచించాను. 2024 సెప్టెంబరు 3న మార్కెజ్ భారత కోచ్‌గా తొలి మ్యాచ్ ఆడించింది ఎక్కడో కాదు, మన గచ్చిబౌలిలోనే, మారిషస్‌తో. రాయదుర్గం దాకా మెట్రోలో వెళ్ళి, అక్కడి నుంచి ఆటోలో, పాత పసుపు జెర్సీ వేసుకుని వెళ్ళాను. అదే గ్యాలరీ, అదే ట్రాక్, అంత దూరంలో అదే మనిషి గీత పక్కన నిలబడి ఉన్నారు. 0–0. తరువాతి మ్యాచ్‌లో మనవాళ్ళను 3–0తో ఓడించి సిరియా ఆ టోర్నీ గెలుచుకుపోయింది గానీ ఆ సాయంత్రం నాకు ఫలితం మీద ధ్యాస లేదు. మన జట్టు ఇక్కడ ఆడవలసిన రెండు సీజన్లు ఆడి ఉంటే ఈ గ్యాలరీలో ఎంతమంది ఉండేవారో లెక్క వేసుకుంటూ కూర్చున్నాను.

ఫతే మైదాన్

బాబూ, 2021 ఫిబ్రవరిలో గోవాతో ఆడిన ఆ చివరి 0–0 మ్యాచ్ రికార్డింగు నీ దగ్గర ఉందా? ఇంత చెప్పిన తరువాత చూడాలని ఉంది. మా మనవడికి కూడా చూపిస్తాను, వాడు రైట్ బ్యాక్ ఆడతాడు.

తూర్పు గ్యాలరీ

పూర్తి మ్యాచ్ లేదండీ, ముఖ్యాంశాలు మాత్రమే ఉన్నాయి. గోల్స్ లేని మ్యాచ్ కాబట్టి అవి కూడా చాలా చిన్నవి. బొల్లారం బ్యాక్ గారి దగ్గర ఒడిశాపై 6–1 మొత్తం ఉందేమో అడగండి, మనవడికి అదే మేలు.

బొల్లారం బ్యాక్

ఉంది. ఆదివారం పొద్దున జింఖానా వైపు వస్తే పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తాను. మనవణ్ణి కూడా తీసుకురండి, బూట్లతో.